ప్రసాదము, కిట్టము

మానవుని యింద్రియములలో జిహ్వకు రెండు పనులు గలవు: పలుకుట, రుచి చూచుట. సత్యము పలుకుమనియు, అదియును ప్రియముగ పలుకుమనియు పెద్దలు మొదటి పనికి నియమములు విధించిరి. రెండవ పనికి విధించిన నియమములు మాత్రము ఒక్కొక్కచోట నొక్కొక్క విధముగ గన్పట్టును. ఒకచో అన్నమే బ్రహ్మమని బోధించిరి. మఱియొకచో రుచిని జయింపనివాడు తక్కిన యింద్రియములన్నియు జయించినను జితేంద్రియుడు కాజాలడని హెచ్చరించిరి. ఈ రెండు బోధల నడుమ నిత్యము నిలుచువాడు గృహస్థుడు. సన్న్యాసికి తనదగు వంటయిల్లు లేదు, గృహస్థునకు గలదు. అందు ఆతనికొఱకు నొకరు శ్రమించుచున్నారు. అప్పుడే కోసితెచ్చిన యాకుకూరతో, మితమైన ఉప్పుకారములతో, దేహస్థితి నెఱిగి భార్య వండిపెట్టిన యన్నమును ఆనందముతో భుజించుట దోషమా? దోషము కాదన్నచో ఆ యానందమునకు హద్దెక్కడ? దోషమే యన్నచో వండిన యామె శ్రమకు విలువ యేమి? చిన్నదిగ గన్పట్టు నీ ప్రశ్న ప్రతి గృహమునందును దినమునకు రెండుమారులు ఎదురగుచున్నది. అన్నిమారు లెదురగు ప్రశ్నను చిన్నదనుట పొరపాటు.

ఈ ప్రశ్నను విచారించుటకు భిలాయివంటి యూరు మిక్కిలి యనువైనది. నేటి ఛత్తీస్‌గఢ రాష్ట్రమున దుర్గ్ జిల్లాలో నున్న ఈ నగరము ఇనుమువలన పుట్టినది. 1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ జరిగిన యొడంబడిక ననుసరించి అచట ఉక్కు కర్మాగారము నిర్మింపబడెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు దాని మొదటి కొలిమిని ప్రారంభించిరి. దల్లీ-రాజహరా గనులనుండి ఖనిజము వచ్చును. కొలిమిలో కరగి ఇనుమగును. ఉక్కుగ మాఱి రైలుపట్టాలై దేశమంతట వ్యాపించును. విజయనగరమునుండి రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగ రాయపూరునకు బోవు రైలుమార్గము శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల తెలుగువారిని అచటికి జేర్చినది. పనికొఱకు బోయినవారు సంసారములతో నిలిచిపోయిరి; పిల్లలకు, మనుమలకు అదియే స్వస్థలమైనది. సెక్టార్ 5 లోని బాలాజీ మందిరమునకు బోయినచో వారి మాట వినబడును. వారి వంటయిండ్లకు బోయినచో వారి యూరు కనబడును.

పరదేశమున స్వదేశమును నిలుపుకొనుటకు మానవునకు గల సాధనములలో అన్నము మొదటిది. ఛత్తీస్‌గఢము వరిసీమ, ఆకుకూరలకును పెట్టినది పేరు. సుపేలా, పవర్‌హౌస్ సంతలకు చుట్టుపట్ల పల్లెలనుండి స్త్రీలు తట్టలతో లాల్ భాజీ, చేంచ్ భాజీ, అమారీ భాజీ తెచ్చి నేలపై పఱచి అమ్ముదురు. తెలుగు గృహిణి అమారీ భాజీని చూచి ‘ఇది మన గోంగూరయే’ యని గుర్తించును. కోచయీ యాకు ఆమెకు చేమాకు. క్వార్టరు వెనుకనున్న కాస్త పెరటిలో మునగయు, కరివేపయు, బచ్చలితీగయు నుండును. ఆ పెరటిని ఛత్తీస్‌గఢీ పొరుగువారు ‘బాడీ’ యందురు. పేరు వేఱు, ఆకు ఒక్కటియే. ఉదయము కోసినది మధ్యాహ్నమునకు కంచమున జేరుచున్నది.

ఇట్టి గృహము నొకదానిని ఊహింపుడు. గృహస్థుడు కర్మాగారమున మూడు షిఫ్టులలో పని చేయువాడు. ఒకవారము ఉదయము 6 గంటలకు, ఒకవారము మధ్యాహ్నము 2 గంటలకు, ఒకవారము రాత్రి 10 గంటలకు డ్యూటీకి బోవలెను. నిద్రకు వేళ లేదు, ఆకలికి వేళ లేదు. యాబదియేండ్లు నిండునప్పటికి రక్తపు పోటు హెచ్చినది. ఉప్పును, నూనెను తగ్గింపుమని, కూరలు హెచ్చింపుమని వైద్యుడు చెప్పెను. భార్య ఆ మాటను మనస్సున నుంచుకొనెను. ఊరగాయజాడీ పైయలమరకు బోయినది. అప్పడములు పండుగలకు పరిమితమైనవి. ఉప్పు తగ్గినచోట నిమ్మరసమును, చింతపండును, వేయించిన జీలకఱ్ఱయు నిలిచినవి. నైట్ షిఫ్టు ముగిసి యింటికి వచ్చినను, సెకండ్ షిఫ్టునకు బోవుచున్నను, ఆతనికి వేడి యన్నము సిద్ధముగ నుండెను. మొదటి నెల ఆతడు సణిగెను; రెండవ నెల ఊరకుండెను; మూడవ నెలకు జిహ్వ మాఱినది. ఉప్పు మఱుగున ఇంతకాలము దాగియున్న బచ్చలి రుచి, పెసరపప్పు కమ్మదనము ఆతనికి క్రొత్తగ దెలిసివచ్చినవి. ఆతడు సంతోషముతో భుజించుచు ‘ఈవేళ తోటకూర చాలా బాగుంది’ అనుచుండెను. ఆ మాటకు ఆమె ముఖము వికసించుచుండెను.

అంతలో ఆతడొక ప్రవచనము వినెను. రుచిని జయించుట సాధనకు మొదటి మెట్టని అందు చెప్పిరి. మాట సత్యమే. గాంధీమహాత్ముడు తన యాశ్రమవ్రతములలో అస్వాదమును జేర్చెను. అన్నమును ఔషధమువలె దేహధారణకొఱకే గ్రహింపవలెననుట దాని భావము. గృహస్థుడు దీనిని పట్టుకొనెను. మఱునాటినుండి పప్పును, కూరను, పులుసును, పెరుగును ఒక్కటిగ గలిపి, తల యెత్తక, మాటలాడక, గబగబ భుజించి లేచిపోసాగెను. మొదటినాడు భార్య, “ఏమండీ, ఉప్పు తగ్గిందా?” యని యడిగెను. ఆతడు తల యడ్డముగ ఊపెను. మూడవనాడు, “బాగులేకపోతే చెప్పండి, రేపటినుంచి మరోలా వండుతాను” అనెను. “బాగుందో లేదో చూడడం మానేశాను” అని ఆతని సమాధానము. ఆమె కొంతసేపూరకుండి, “అయితే నేను వండేది ఎవరికోసం?” అనెను.

ఆ మాటకు ఆతనియొద్ద సమాధానము లేదు. ఆతడు వైరాగ్యమనుకొన్నది ఆమెకు తిరస్కారముగ తోచినది. ఇర్వురిలో నెవరిది పొరపాటు?

మొదట శాస్త్రము రుచినిగూర్చి యేమనుచున్నదో చూడవలెను. భగవద్గీత పదునేడవ యధ్యాయమున ఆహారము మూడు విధములుగ విభజింపబడినది. సాత్త్వికాహార లక్షణములను చెప్పునపుడు ఆయుస్సును, బలమును, ఆరోగ్యమును, సుఖమును, ప్రీతిని వృద్ధిపఱచునది యని చెప్పి, వెంటనే అది రసవంతమై, హృదయమునకు ఇంపైనదిగ నుండవలెనని చెప్పబడినది. రుచిలేమి సాత్త్వికలక్షణమని ఎచ్చటను లేదు. రాజసాహారమునకు చెప్పిన దోషము రుచి కాదు, అతి: మిక్కిలి చేదు, మిక్కిలి పులుపు, మిక్కిలి ఉప్పు, మిక్కిలి వేడి. తామసమునకు చెప్పిన దోషము నిలువయు, సారము పోవుటయు, కుళ్లుటయు. కావున తాజా కూరను మితముగ ఉప్పువేసి కమ్మగ వండిన గృహిణి, గీతాశ్లోకము నామెకు నోటికి రాకపోయినను, దానిని పొయ్యిమీద ఆచరించుచున్నది. ఆహారమున ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నేడు చెప్పుచున్నది. అతిని వర్జింపుమనుటయే యీ లెక్కకును అర్థము.

ఇచట నొక సందేహము కలుగవచ్చును. నిలువయున్నది తామసమైనచో, ఛత్తీస్‌గఢపు కష్టజీవి ఉదయమున భుజించు ‘బోరే బాసీ’ సంగతి యేమి? రాత్రి యన్నమును నీటిలో నానబెట్టి, మఱునాడు ఉల్లిపాయతోను, భాజీతోను తినుట ఆ సీమ యాచారము. తెలుగువారి చద్దన్నము దానికి తోబుట్టువు. 2022 మే 1వ తేదీన, శ్రామికులయెడ గౌరవసూచకముగ అందఱును బాసీ తినవలసినదని ఆ రాష్ట్రప్రభుత్వమే పిలుపునిచ్చెను. ధర్మశాస్త్రములు నిలువయాహారమును నిషేధించుచునే, పెరుగును, దానితో జేసిన పదార్థములను మినహాయించినవి. పాడైపోవుట వేఱు, ఎఱిగి పులియబెట్టుట వేఱు. అంతకన్న ముఖ్యమైనది మఱొకటి గలదు. అన్నమును నిందింపరాదని తైత్తిరీయోపనిషత్తు వ్రతముగ విధించినది. ఎండలో మట్టి మోయబోవువాని చల్లని చద్దిని తామసమని వేలెత్తి చూపువాడు తాను వేడియన్నము తినుచున్నను అన్నమును నిందించినవాడే యగును.

ఇక అస్వాదము మాట. అది యతులకు సహజధర్మము. భిక్షువు పది యిండ్లనుండి కొంచెము కొంచెముగ గ్రహించును. ఏ యింటివారును ఆతనికొఱకు ప్రత్యేకముగ శ్రమింపరు. అన్నియు గలిపి రుచి నెంచక భుజించుటచే ఆతడెవ్వరి మనస్సును నొప్పింపడు. గృహస్థుని స్థితి వేఱు. ఆతనికొఱకు ఒక మనిషి తెల్లవాఱకముందే లేచి, సంతకు బోయి, ఆకు నేఱి, కడిగి, తఱిగి, వండినది. ఆ సేవనంతయు స్వీకరించుచు సన్న్యాసివలె ‘నాకేమియు పట్టదు’ అనుట, ఒకరి ధనముతో మఱొకరు దానము చేయుటవంటిది. నిజముగ రుచిని విడువగోరువాడు ముందు సేవను విడువవలెను. తన గంజి తాను కాచుకొనవలెను. సేవ కావలెను, కృతజ్ఞత మాత్రము వలదనుట వైరాగ్యము కాదు. పైపెచ్చు, గాంధీమహాత్ముడు అస్వాదముతోబాటు శరీరశ్రమను గూడ వ్రతముగ నుంచెను. గృహస్థుడు రెండింటిలో తనకు సులభమైనదానినే యెన్నుకొనెను.

అట్లని ప్రవచనమున విన్నమాట అబద్ధము కాదు. రుచి బంధమగుటయు సత్యమే. ఆ గృహస్థుడే యొకనాడు బంధువులయింట భోజనమునకు బోయి, ఉప్పు హెచ్చైనదని మొగము చిట్లించి, ‘మా యింట ఇట్లుండదు’ అన్నచో ఆతని జిహ్వ ఆరోగ్యమును నేర్చినది గాని వినయమును నేర్వలేదు. భార్యకు జ్వరము వచ్చి రెండుదినములు వంట నిలిచినచో, ఆమె జ్వరముకన్న తన పప్పుపులుసు లేకపోవుట యాతనికి పెద్దదిగ దోచినచో, అది సాత్త్వికాహారమే యైనను ఆతడు దానికి దాసుడే. కల్లునకు దాసుడైనవానిని లోకము గుర్తించును. తోటకూరకు దాసుడైనవానిని గుర్తింపదు. బంధము పదార్థమున లేదు, పట్టుదలలో నున్నది.

మఱియొక సూక్ష్మమైన బంధము గలదు. అది ప్రశంసలో దాగియుండును. ‘నీ చేతివంట మఱెవ్వరికిని రాదు’ అను మాట తీయనిది. వినినయామె పొంగిపోవును. ఆ మాట ముప్పదియేండ్లు ప్రతిదినము వినబడినచో ఆమె పుట్టింటికి నాలుగుదినములు పోవుటకు వెఱచును. ఒంటిలో నలతగ నున్నను పొయ్యియొద్దకు బోవును. మెచ్చుకోలు గొలుసైనది. కావున గృహస్థుడు మౌనముతో మాత్రమే కాక మెప్పుతో గూడ ధర్మము దప్పవచ్చును. మెచ్చి, తానును కత్తిపీటయొద్ద కూర్చుండిననాడే ఆ మెప్పు నిర్దోషమగును. భార్య యుద్యోగమునకు బోయి భర్త వండు గృహములు నేడనేకములు గలవు. అచట ఈ ధర్మమంతయు భార్యకును సమానముగ వర్తించును. ధర్మము వండువారికిని తినువారికిని నడుమ నున్నది.

ఛాందోగ్యోపనిషత్తులో ఆహారశుద్ధిచే సత్త్వశుద్ధియు, దానిచే ధ్రువమైన స్మృతియు గలుగునని చెప్పబడినది. ఈ ‘ఆహార’ శబ్దమునకు ఆచార్యులు రెండు విధముల నర్థము చెప్పిరి. శంకరభగవత్పాదులు ఇంద్రియములచే లోనికి గ్రహింపబడు విషయములన్నియు ఆహారమే యనిరి: చూచునది, వినునది, తలచునది. రామానుజాచార్యుల సంప్రదాయము భుజించు నన్నమునే ప్రధానముగ గొని, దానికి మూడు దోషములను చెప్పినది. పదార్థ స్వభావమువలన వచ్చునది జాతిదోషము. అన్నము ఎవరినుండి లభించెనో వారినిబట్టి వచ్చునది ఆశ్రయదోషము. దుమ్ము, వెండ్రుకలు మున్నగువాటివలన వచ్చునది నిమిత్తదోషము. మొదటిదానిని, మూడవదానిని గృహస్థులు శ్రద్ధతో గమనింతురు. కూర కడిగిరా, వెండ్రుక పడినదా యని చూతురు. రెండవదానిని పరులవిషయమునందే యాలోచింతురు.

దానిని తమ యింటియందే విచారించినచో నొక భయంకరమైన సత్యము తోచును. వండిన యామె మనస్సు అలసి, నొచ్చియున్నచో, ఆమె కడుపు మాడియున్నచో, ఆ యన్నమునకు ఆశ్రయదోషము గలదా లేదా? గలదన్నచో ఆ దోషమునకు కర్త యెవ్వడు? నిష్ఠతో ఆహారశుద్ధిని పాటించు గృహస్థుడు తన కంచమున బడు అశుద్ధిని తానే పుట్టించుచున్నాడు. శంకరుల యర్థమును గొన్నను అంతియే: ఆతని చెవులు ఆమె నిట్టూర్పును గూడ ఆహరించినవి, కన్నులు ఆమె యలసటను గూడ ఆహరించినవి. అది లోపల బచ్చలికూరకన్న ముందే జీర్ణమగును.

దక్షిణేశ్వరమునందలి యొక వృత్తాంత మిచట స్మరింపదగినది. శ్రీరామకృష్ణుల యుదరస్థితి సున్నితమైనది. శారదాదేవి నహబత్ అను నిఱుకుగదియందు నివసించుచు వారికి సరిపడునట్లు వండి తానే తీసికొనిపోవుచుండెడిది. ఒకనాడు ఒక స్త్రీ దారిలో ఆ పళ్లెరమును తాను తీసికొనిపోయి వారియెదుట నుంచినది. ఆమె ప్రవర్తన నెఱిగిన శ్రీరామకృష్ణులకు ఆ యన్నము భుజించుట కష్టమయ్యెను. ఇకమీద పళ్లెర మితరులచేతి కియ్యనని మాటయిమ్మని వారు శారదాదేవి నడిగిరి. అట్లు మాటయియ్యజాలననియు, అమ్మా యని పిలిచి యడిగినవారిని కాదనలేననియు, తాను స్వయముగ దెచ్చుటకు మాత్రము ప్రయత్నింతుననియు ఆమె వినయముతో విన్నవించెను. ఆశ్రయశుద్ధి నంతగ పాటించిన మహాపురుషునియెదుట, అన్నముకన్న అడిగినవారి హృదయము గొప్పదని ఒక యిల్లాలు నిలిచి చెప్పినది. వారు కోపింపలేదు. శుద్ధికిని దయకును వైరుధ్యము వచ్చినచోట దయను విడువరాదని దీనివలన దెలియుచున్నది.

ఇక భోజనక్రమము. అనేక గృహములలో వండిన స్త్రీ అందఱి పిమ్మట, మిగిలినది, చల్లారినది భుజించును. దీనికి శాస్త్రము ప్రమాణమని కొందఱు తలంతురు. మనుస్మృతి మూడవ యధ్యాయమును చూచినచో అతిథులు, సేవకులు భుజించినపిమ్మట శేషమును ‘దంపతీ’ భుజింపవలెనని యున్నది. అది ద్వివచనము, భర్త ముందు, భార్య వెనుక యని అచట లేదు. పైగా క్రొత్తకోడండ్రకు, బాలికలకు, రోగులకు, గర్భిణీస్త్రీలకు అతిథులకన్న ముందే సంకోచము లేక వడ్డింపవలెనని యున్నది. అదే గ్రంథమున మఱియొకచో భార్యతో గూడి భుజింపరాదను వాక్యమును గలదు; దానిని దాచిపెట్టనక్కఱలేదు. కాని ఆ వాక్యమును ప్రమాణముగ గొనువారు ఈ ద్వివచనమును గూడ ప్రమాణముగ గొనవలెను. అతిథిని, బిడ్డను, పనివానిని తృప్తిపఱచినపిమ్మట మిగిలినదాని భారము ఇర్వురిది. కొఱత యున్నచో అదియును ఇర్వురిది.

ఈ కొఱత కేవలము భావములోనిది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో బాధపడుచున్నారు. దీనికి కారణము లనేకములు. ఆహారమున ఇనుము చాలకపోవుట వానిలో ముఖ్యమైనది. 2019లో ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపనిలో పాల్గొను స్త్రీలు సగటున దినమునకు 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును దానికి వెచ్చించుచున్నట్లు తేలినది. ఇనుమును పండించు నగరమున నున్న గృహస్థు డీ లెక్కలను చదివి ఒక్కక్షణమాగవలెను. తన కర్మాగారపు టినుము దేశమంతట పట్టాలై పఱచుకొన్నది; తన గృహిణి రక్తమున ఇనుము గలదా? భర్త రక్తపుపోటునకు తగినట్లు ఉప్పును కొలిచి వేయు నామె కంచమున మునగాకు, తోటకూర ఎంత మిగులుచున్నవి? ఆకుకూరలోని యినుము దేహమున కంటుటకు నిమ్మరసము తోడ్పడును. భోజనముతోబాటు త్రాగిన తేనీరు అడ్డుపడును. ఇనుపమూకుటిలో వండినచో ఆ లోహము కొంత కూరలోనికి వచ్చును. ఇవి వంటయింటి చిన్నసంగతులు. వీనిని ఎవరికొఱకు పాటింతుమనునది మాత్రము ధర్మసంగతి.

కొలిమినే యుపమానముగ గైకొనవచ్చును. దానిలో ఖనిజమును, కోక్ బొగ్గును, సున్నపురాయిని వేయుదురు. లోపల మండినపిమ్మట మూడు వెలువడును: అడుగున ద్రవలోహము, దానిపై తేలు కిట్టము, పైకి బోవు వాయువు. ఆ వాయువును వృథాపఱుపక మరల మంటకొఱకు వినియోగింతురు. అన్నమును అట్లే మూడగునని ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతువునకు బోధించెను: స్థూలాంశము మలమగును, మధ్యమాంశము మాంసమగును, సూక్ష్మాంశము మనస్సగును. పదునైదు దినములు అన్నము మాని నీరు మాత్రము త్రాగిన శ్వేతకేతువునకు చదివిన వేదము స్ఫురింపలేదు, భుజించినపిమ్మట స్ఫురించెను. ఆయుర్వేదము ఇదే విషయమును రెండు మాటలలో చెప్పినది. అన్నమున దేహమునకు సారమై నిలుచునది ప్రసాదము, విసర్జింపబడునది కిట్టము. లోహమలమునకును, అన్నమలమునకును మన పూర్వులు ఒకే పేరు పెట్టిరి. దేవునియెదుటనుండి వచ్చినదానికిని, దేహమున సారమై నిలిచినదానికిని ఒకే పేరు పెట్టిరి.

భోజనానందమును గూడ నిట్లే విభజింపవచ్చును. ‘నాకు’ ‘నాది’ ‘నా యింటనే’ యను పట్టుదల అందలి కిట్టము. రుచి నెఱుగుట, వండినవారిని తలంచుట, పంచవలెనని తోచుట అందలి ప్రసాదము. కిట్టమున్నదని కొలిమినే యార్పువాడు వివేకి కాడు. మన గృహస్థుడు చేసినది అదియే. పట్టుదలను తీసివేయవలసినచోట రుచినే తీసివేసెను. రుచితోబాటు కృతజ్ఞతయు, మాటయు, భార్యముఖమును చూచుటయు పోయినవి. పట్టుదల మాత్రము పోలేదు. అది ‘నేను రుచిని జయించితిని’ యను క్రొత్తరూపమున నిలిచినది.

మఱి ప్రసాదమెంత, కిట్టమెంత యని తెలియుటెట్లు? మూడు పరీక్షలు గలవు. మొదటిది, ఆ రుచి లేనినాటి పరీక్ష: భార్య ఊరికి బోయినప్పుడు, క్యాంటీనులో ఏది దొరికిన నది మనశ్శాంతితో భుజింపగలుగుచున్నాడా? రెండవది, పంపకపు పరీక్ష: బాగున్నదని తోచినప్పుడు మఱియొక గరిటె తనకు వేసికొనుటయా, ఆమెకు మిగిలినదో లేదో గిన్నెలోనికి చూచుటయా, ఏది ముందు స్ఫురించుచున్నది? మూడవది, శ్రమపరీక్ష: ఆనందించిన చేతులు గిన్నెలు తోముటకు, ఆకు గిల్లుటకు ముందునకు వచ్చుచున్నవా? మూడింటను నిలిచిన యానందము యజ్ఞశేషమును భుజించువాని యానందము. గీత మూడవ యధ్యాయమున తమకొఱకే వండుకొనువారు పాపమునే భుజింతురని హెచ్చరిక గలదు. వండునది తమకొఱకు కాకపోయినను, తినువాడు తనకొఱకే తినినచో ఆ హెచ్చరిక ఆతనికిని వర్తించును.

ఆంధ్రదేశమున గోదావరీతీరమందలి లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) గృహిణిగ నుండియే యెందఱో బాటసారులకు అన్నము పెట్టి నిరతాన్నదాత్రిగ కీర్తిగాంచినది. ఆమె భర్త జోగన్నగారి గృహమే అన్నసత్రమైనది. వంటయిల్లు భోగశాల యగుటయు, యాగశాల యగుటయు అందలి పదార్థములచే కాక, దాని ద్వారము ఎంతవఱకు తెఱువబడినదనుదానిచే నిర్ణయింపబడునని ఆ దంపతులు చూపిరి. అందఱును సీతమ్మగారు, జోగన్నగారు కాలేకపోవచ్చును. ద్వారము మొదట పొయ్యియొద్ద నున్న మనిషివైపునకు తెఱువవచ్చును.

భిలాయి గృహస్థుడు ‘ఎవరికోసం’ అను ప్రశ్నతో నైట్ షిఫ్టునకు బోయెను. వేకువ 6 గంటలకు గేటు వెలుపలికి వచ్చి, మామూలుగ నేరుగ ఇంటికి బోక, సంతవైపు తిరిగెను. తట్ట దింపుచున్న పల్లెస్త్రీయొద్ద రెండు కట్టలు అమారీ భాజీ కొనెను. బేర మాడబోయి, ఆమె చేతులకంటియున్న మట్టిని చూచి మానుకొనెను. ఇంటికి వచ్చి, వాకిట కూర్చుండి, ఆకు గిల్లసాగెను. కాడలును ఆకులును ఒక్కటిగ వేయుట చూచి భార్య నవ్వి, “అలా కాదండీ, ఇలా” అని ప్రక్కను కూర్చుండెను. ఆ మధ్యాహ్నము రెండు కంచములు ఒక్కసారి పెట్టబడినవి. ఆతడు మొదటి ముద్ద నోటనుంచుకొని, కన్నులు మూసికొనక, ఆమెవంక చూచి, “పులుపు సరిగ్గా సరిపోయింది” అనెను. పిమ్మట గిన్నెలోనికి చూచి మిగిలిన కూరను ఆమె కంచమున వేసెను.

ఆతడు రుచిని విడువలేదు. రుచి ఆతనిని విడిచినది, పట్టుకొనుటను మాత్రమే. అట్టి యన్నము దేవునికి నివేదింపబడిన దేవేళ యని యడిగినచో, పొయ్యిమీదనుండి దింపినప్పుడని కొందఱు చెప్పవచ్చును. మిగిలినది రెండవ కంచమున బడినప్పుడని చెప్పినను తప్పులేదు.